రెండు రాజ్యముల హద్దున చెఱువు

కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవాలయము ముందు నిలిపిన రెండు రాతిపలకలపై ఒక సంస్కృత శాసనము కలదు. శకవర్షము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడై ఉదయగిరి రాజ్యమును పాలించుచుండిన భాస్కర భవదూరుడు కట్టించిన చెఱువును గుఱించి దీనిని వ్రాయించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము: ఇవి శాసనము చెప్పు లెక్కలు. చెఱువునకు అనంతరాజసాగరమని పేరు. అది నేటికిని నిలిచియున్నది. భారతమును పరిష్కరించిన సుక్థంకర్ పండితుడే ఈ శాసనమును ఎపిగ్రాఫియా ఇండికా పదునాలుగవ సంపుటమున ప్రకటించెను. చరిత్రకారులు దీనిని సంగమ వంశావళి కొఱకు చదివిరి. ఇంజనీర్లు కట్ట కొలతల కొఱకు చదివిరి. నేను ఇప్పుడు చదువబూనినది మఱియొక ప్రయోజనమునకు.

కొన్నేండ్లుగా పడమటి దేశములనుండి మన విద్యావంతులకు ఒక మాట చేరుచున్నది. బయోరీజినలిజమ్ అందురు. జీవప్రాంతవాదమని తెలుగు చేసికొందము. పటములోని రాష్ట్రరేఖలు మనుష్యులు గీచినవి. నీరు, నేల, చెట్టు, జంతువు గీచికొన్న హద్దులు వేఱు. మనుష్యుడు తన బ్రతుకును ఆ రెండవ హద్దులకు ఒదిగించుకొనవలెను అనునది దాని సారము. 1973లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ప్లానెట్ డ్రమ్ సంస్థను నెలకొల్పిన పీటర్ బెర్గ్, వన్యజీవి శాస్త్రజ్ఞుడగు రేమండ్ డాస్మన్ కలిసి 1977లో కాలిఫోర్నియాను గుఱించి వ్రాసిన వ్యాసము ఈ వాదమునకు మూలగ్రంథము వంటిది. జీవప్రాంత మనగా కేవలము భూభాగము గాదనియు, ఆ భూభాగమున ఎట్లు బ్రతుకవలెనో తెలిసిన మనస్సును అందులో భాగమే యనియు వారి నిర్వచనము. చెడిన చోటనే మఱల కాపురముండి, ఆ చోటిని బాగుచేసికొనుచు బ్రతుకుటకు వారు పెట్టిన పేరును పునర్నివాస మనవచ్చును. 1985లో కిర్క్‌ప్యాట్రిక్ సేల్ ఒక పుస్తకమున ఈ వాదమునకు రాజకీయరూపము కూడ కల్పించెను.

వీరి ఆలోచనకు అన్నిటికంటె చక్కని రూపము 1981లో ఒక అమెరికా పత్రికలో వచ్చిన ప్రశ్నపత్రము. మీరు త్రాగు నీరు వానచినుకుగా పడిన చోటినుండి మీ కుళాయి వఱకు ఏ దారిని వచ్చినది? నిండు పున్నమ కింక ఎన్ని దినములు? మీ కాలిక్రింది నేల ఏ జాతి నేల? మీ చోట మొలచు తినదగిన మొక్కల నైదింటిని చెప్పగలరా? ఇట్టివి. నేను ఆ ప్రశ్నలను ఒక సభలో చదువుకొన్న యువకుల ముందుంచితిని. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు ఒక్కడును లేడు. వారిని నిందించుటకు నాకు నోరు రాలేదు; నా కింటి కుళాయి సంగతి నేనును ఆ రాత్రియే వెదకి తెలిసికొంటిని.

పోరుమామిళ్ళ శాసనము మంచి చెఱువునకు పండ్రెండు అంగములు చెప్పుచున్నది. ధర్మము, ధనము గలిగి కీర్తి గోరు రాజు, జలశాస్త్ర మెఱిగిన విప్రుడు, గట్టి బంకనేల, మూడు యోజనముల దూరము తీయని నీరు తెచ్చు నది, చెఱువును తాకుచుండు కొండభాగములు, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాని దృఢమగు రాతికట్ట, పండు భూములకు ఎడముగా తిరిగిన కట్ట కొసలు, విశాలమై లోతైన చెఱువు కడుపు, సూటియైన పొడవు రాళ్ళ గని, దాపున సమతలమగు ఫలవంతమైన పొలము, కొండ ఉనికివలన సుడులు తిరుగు జలమార్గము, పనితనము గల జనసమూహము. ఈ పండ్రెండింటిలో మనుష్యులను గూర్చినవి మూడే. రాజు, శాస్త్రజ్ఞుడు, పనివారు. మిగిలిన తొమ్మిదియు నేల, నీరు, రాయి, కొండ, కట్ట. రాజును మొదట నిలిపిన మాట నిజమే; ఆ కాలపు కవి మఱి యెట్లు వ్రాయగలడు? కాని చోటు ఒప్పుకొననిదే రాజు చేయగలిగిన దేమియు లేదని ఆ పట్టికయే చెప్పుచున్నది. బెర్గ్ పండితునకు ఆఱు వందల యేండ్లు ముందే మనవారు జీవప్రాంతవాదమును కనిపెట్టిరని నేననను. అట్టి డంబము మన వ్యాసకర్తలకు పాత రోగము. భాస్కరుని ఉద్దేశము పంట, పుణ్యము, కీర్తి. అడవి, చేప, పక్షి ఆ పట్టికలో లేవు. చెఱువు కడుపున మునిగిన భూములవారి ప్రసక్తియు అందులో లేదు. ఆ వేయిమంది కూలీల పేళ్ళు అడుగువారును లేరు.

శాసనమున నన్ను నిలిపివేసినది అంగముల పట్టిక గాదు, దోషముల పట్టిక. ఆఱు దోషములు. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల హద్దున నుండుట, చెఱువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు తక్కువై పాఱవలసిన నేల ఎక్కువ యగుట, నేల తక్కువై నీరెక్కువ యగుట. ఇందైదు దోషములు నేలలోనో, నీటిలోనో, కట్టలోనో యున్నవి. మూడవ దొక్కటియే మనుష్యులలో నున్నది. హద్దున నున్న చోట మట్టి గట్టిదే, నీరు తీయనిదే. ఐనను అక్కడ చెఱువు కట్టరాదు. ఏలన ఎగువవాడు కాలువ మూయును, దిగువవాడు తూము పగులగొట్టును. లేదా కట్ట తెగిన దినమున ఇది మాది కాదని ఇరువురును ఊరకుందురు. ఇట్టి అనుభవమునుండియే ఈ దోషము పుట్టియుండును.

ఈ సంచికను చదువువారిలో పెక్కురు ఆ మూడవ దోషమున పుట్టి పెరిగినవారము. కోలారు, బాగేపల్లి, బళ్ళారి, హోసూరు, వేలూరు, గంజాము తెలుగువారికి రాష్ట్రముల రేఖలు ఇంటి వాకిటి ముందుగనో, పొలము నడుమగనో పోయినవి. భాషను బట్టి రాష్ట్రములను ఏర్పఱచుటలో తప్పులేదు. ఆ కోరిక న్యాయమైనది, దానికై ప్రాణమిచ్చినవారును గలరు. కాని భాష గీచిన రేఖను నీరు గుర్తింపలేదు. నంది కొండల చుట్టుపట్టులనుండి ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలేఱు బయలుదేఱి మూడు దారుల బోవుచున్నవి. పాలేఱు కర్ణాటకమున సుమారు 93 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశమున 33, తమిళనాట 222 కిలోమీటర్లు నడచును. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికలో ఎగువవారు దిగువవారి నడుగక క్రొత్త కట్టడములు కట్టరాదని షరతులు వ్రాసికొనిరి. కుప్పము వైపున ఆనకట్ట తలపెట్టగా 2006లో తమిళనాడు సుప్రీముకోర్టు కెక్కినది. ఏటికి నీరు లేదు, వ్యాజ్యమునకు కొఱతలేదు.

జీవప్రాంతవాదులు దీనికి చెప్పు మందు సులభము. రేఖలను చెఱిపి కొండగట్టు వెంబడి, అనగా పరీవాహపు హద్దు వెంబడి, క్రొత్త రేఖ గీయుడని. శాసనకారుడు చెప్పు మందు అంతకంటె సులభము. అక్కడ కట్టవద్దని. ఈ రెండును మనకు పనికిరావు. రేఖలు చెఱుపుట మనచేతిలో లేదు. చెఱువులు ఇదివఱకే కట్టియున్నవి.

కోలారు సీమనే చూడుడు. అక్కడ జీవనది లేదు. వేలకొలది చెఱువులు గొలుసుకట్టుగా నున్నవి. ఎగువ చెఱువు అలుగు పాఱి దిగువ చెఱువు నిండవలెను. ఒక చెఱువు పూడినచో అది ఒక ఊరి నష్టముతో పోదు, క్రింది నాలుగూళ్ళను ఎండబెట్టును. ఈ ఏర్పాటును నడిపినది ఏ ప్రభుత్వశాఖయో గాదు, ఊరి నీటి కావలివాడు. కన్నడమున అతడు నీరుగంటి. తమిళమున నీర్కట్టి. రాయలసీమలో నీరుగట్టువాడు. తెలంగాణమున నీరటి. అట్లే చెఱువు కట్టినవానికి రాయలసీమలో దశబంధ మాన్యము; మైసూరు సీమలో కట్టుకొడగె; తమిళనాట చోళుల నాటినుండి ఏరిపట్టి. పేళ్ళు వేఱైనను ధర్మమొక్కటి: చెఱువును నిలుపువానిని ఆ చెఱువు నీరే పోషింపవలెను. భాషాశాస్త్రజ్ఞులు ఈ సామ్యమును ద్రావిడ ధాతువులతో విడగొట్టి చూపుదురు. నా దృష్టిలో ఇది ధాతువులకంటె కొండవాలు చేసిన పని. వాలు ఒక్కటిగుట వలన ఉద్యోగ మొక్కటియైనది, ఉద్యోగ మొక్కటిగుట వలన మాట ఇల్లిల్లు తిరిగినది. బెర్గ్ చెప్పిన మనోభూమి యనునది ఎక్కడనైన నుండినచో ఆ నీరుగంటి మాటలో నున్నది.

ఇంతవఱకు వాదము నిలుచుచున్నది. ఇక అది ఎక్కడ తెగునో చూతము.

2018 జూన్ నెలనుండి కోలారు చెఱువులలోనికి బెంగుళూరు మురికినీటిని శుద్ధిచేసి పంపుచున్నారు. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకమని దాని పేరు. దినమునకు 440 మిలియన్ లీటర్లు, 126 చెఱువులు: ఇది సంకల్పము. మొదట నీరు చేరినది లక్ష్మీసాగరము చెఱువునకు. రెండవ దశ శుద్ధితోనే విడుచుచున్నారని, అది చాలదని, నురుగు వచ్చినదని రైతులు న్యాయస్థానముల కేగిరి. ఎండిన బావులలో నీరు లేచినదని సంతోషించిన రైతులును కలరు. రెండు పక్షములును నిజమే చెప్పుచున్నవి. కాని మన ప్రశ్నపత్రమును మఱల తీసి చూడుడు. ఈ నీరు ఎక్కడిది? బెంగుళూరు కుళాయిలలోనిది కావేరి. కృష్ణరాజసాగరమునకు దిగువ, తొరెకాడనహళ్ళి వద్దనుండి సుమారు 100 కిలోమీటర్లు గొట్టములలో, ఇంచుమించు 500 మీటర్ల ఎత్తునకు యంత్రములు దానిని ఎత్తిపోయుచున్నవి. పశ్చిమ కనుమలపై కురిసిన వాన నగరవాసి స్నానమై, మురికియై, శుద్ధియై, పాలేటి తలాపున చెఱువులో నిలుచుచున్నది. ఆ చెఱువు ఏ జీవప్రాంతమునకు చెందినది? కొండగట్టు వెంబడి గీచిన రేఖ దీనికి సమాధానము చెప్పజాలదు. ఎవరి పాటు, ఎవరి కరెంటు, ఎవరి మురికి అను ప్రశ్న వేయనిదే ఏటికి హద్దు తెలియదు. పడమటి గ్రంథములలో నాకు కనబడిన పెద్ద లోపమిది. వారు ఏటిని కొండమీదినుండి చూచిరి. నగరపు కాలువనుండి తగినంత చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి స్ఫురించుచున్నది. ఆ కృష్ణరాజసాగరమునకు కీర్తి తెచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు గిద్దలూరు సమీపమున మోక్షగుండమునుండి వలసపోయిన తెలుగువారు. ఆయన పుట్టినది నంది కొండ దాపున ముద్దేనహళ్ళిలో, చెఱువులు తప్ప మఱియొక దిక్కులేని సీమలో. ఆ సీమబిడ్డ కావేరిని నిలుపగా, ఆ కావేరి ఇపుడు మురికియై ఆ సీమకే వచ్చుచున్నది. దీనిలో నీతి వెదకవద్దు. నీటి కథలు తఱచుగా ఇట్లే నడచును.

వాదమునకు రెండవ గండము మనుష్యులయెడ. చోటునకు చెందియుండుట యన్న మాట నోటినుండి రాగానే, ఎవరు ముందు వచ్చిరి, ఎవరు వెనుక వచ్చిరి అను లెక్క మొదలగును. మీరు ఇక్కడివారు కారు అను మాటను మనలో విననివారు అరుదు. జీవప్రాంతవాదమును మోటుగా చదువుకొన్నవాడు దానిని ఆ మాటకు ఆయుధముగా చేసికొనగలడు. కాని ఆ వాదమును పుట్టించినవారే క్రొత్తగా వచ్చినవారని మఱవరాదు. ఉత్తర కాలిఫోర్నియాలో మటోల్ అను చిన్న నది కలదు. 1980 ప్రాంతమున, నగరములు విడిచి అక్కడకు చేరిన జనులు, నదిలో సన్నగిల్లిన సాల్మన్ చేపల గుడ్లను పట్టి, పొదిగించి, పిల్లలను మఱల నీట విడుచు పనికి పూనుకొనిరి. చేప బ్రతుకవలెనన్న కొండచఱియ జాఱరాదని, చఱియ జాఱకుండవలెనన్న చెట్టు నాటవలెనని పనిలోనే నేర్చిరి. ఫ్రీమన్ హౌస్ 1999లో ఆ కథను గ్రంథముగా వ్రాసెను. ఆ లోయ మూలవాసులను పంతొమ్మిదవ శతాబ్దిలోనే తెల్లవారు చంపి తఱిమివేసిరి. ఆ పాపపు నేలపై నిలిచి చేసిన పని యది. ఎన్ని చేపలు బ్రతికినను ఆ చరిత్ర చెఱగదు. ఐనను పుట్టుకవలన రాని ఎఱుక పాటువలన వచ్చునని ఆ పని చూపుచున్నది.

మన పక్షమున దీనికి సాక్షి యొకడు గలడు, తమిళమున వ్రాసినవాడు. కోవిల్‌పట్టి దాపున ఇడైసేవల్ గ్రామమువాడు, ఇంటిలో తెలుగు మాటాడిన కుటుంబమువాడు, 2021లో దివంగతుడైన కి. రాజనారాయణన్. 1976లో వచ్చిన అతని గోపల్ల గ్రామము తెలుగునాటినుండి పాఱిపోయి వచ్చి దక్షిణపు నల్లరేగడిలో ఊరు కట్టుకొన్నవారి కథ. దాని తరువాయి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మన సంఘములలో ఈ నవలను పూర్వుల కీర్తిగాథగా మెచ్చుకొనుట వాడుక. అది తక్కువ చదువు. నవలలో వలసజనులు చేయు మొదటి పని అడవిని తొలగించుట. రచయిత దానిని దాచలేదు. మనకు పొలమైన చోట అంతకుముందు మఱియొక ప్రాణికోటికి ఇల్లుండెను. అంతకంటె గొప్పది అతడు చేసిన మఱియొక పని: ఆ నల్లరేగడి సీమ తమిళ పలుకుబడికి నిఘంటువు కూర్చెను. తెలుగింటి బిడ్డ ఆ నేల మాటలను, అక్కడి జనము నాలుకపై నున్నవానిని, ఏఱి కూర్చిపెట్టినాడు. ఆ నిఘంటువు తరువాత అతనిని ఆ చోటివాడు కాడనుటకు ఎవనికి నోరాడును?

వలస వచ్చినదెల్ల మేలు చేయునని నా అభిప్రాయము గాదు. ముండ్లచెట్టొకటి మన ముందే యున్నది. 1870ల దశకమున జమైకానుండి విత్తనములు తెప్పించి మద్రాసు అటవీశాఖవారు కడప జిల్లా కమలాపురమున చల్లిరి. వంటచెఱకునకు, మెట్టనేలకు పచ్చదనమునకు ననిరి. తెలుగున అది సర్కారు తుమ్మ. తమిళమున సీమై కరువేలము. కన్నడమున బళ్ళారి జాలి. ఎవరి భాషలో వారు అది తమది కాదనియే పేరు పెట్టిరి. ఒకరు ప్రభుత్వముపై, ఒకరు పరదేశముపై, ఒకరు పొరుగు జిల్లాపై నెట్టిరి. ఇపుడది చెఱువు కడుపులను, కాలువగట్లను ఆక్రమించినది. దానిని పెఱుకుడని 2017లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనము ఆదేశింపగా, ఆ బొగ్గే బ్రతుకైన బీదల మాటయేమని వాదములు చెలరేగినవి. పెఱికినచోట ఏమి నాటుదురని అడుగక పెఱుకుట వ్యర్థము. వేరు మిగిలినచో అది మఱల లేచును.

మఱల శాసనమునకు వత్తము. ఆ పండ్రెండు అంగములలో పూడికతీత లేదు, కాలువ కాపుదల లేదు, నీటి పంపకము లేదు. కట్టుటకు కావలసిన దంతయు నున్నది. నిలుపుటకు కావలసినది లేదు. ఆ పదుమూడవ అంగము రాతిపై నెక్కలేదు, నీరుగట్టువాని నాలుకపై నుండిపోయినది. మన కాలపు ప్రభుత్వములును రాతిపలక త్రోవనే పోవుచున్నవి. తెలంగాణమున 2015లో పని మొదలుపెట్టిన మిషన్ కాకతీయ 46 వేలకు పైబడిన చెఱువులను బాగుచేయ సంకల్పించినది. తీసిన ఒండ్రును రైతులు తమ చేలకు తోలుకొనిరి. అది మెచ్చదగిన పని. తమిళనాట ప్రజలు తామే చేసికొనుచుండిన కుడిమరామత్తు పేరును 2017 ప్రాంతమున ప్రభుత్వము తన పథకమునకు పెట్టుకొన్నది. పేరు బ్రతికినది. కాని ప్రజల పనిని ప్రభుత్వము చేయించుచు ప్రజల పేరు పెట్టుట విడ్డూరము. పూడిక తీసినది యంత్రము. రెండవయేట కాలువలో కంప పడినచో తొలగింపవలసినవాడు ఎవడు?

అతడు లేడు. గొట్టపుబావి వచ్చినప్పుడే అతని మాన్యము పోయినది. ఇంటింటికి మోటారున్న ఊరిలో తూము తెఱచు వేళ నడుగువారెవరు? మన ఊళ్ళలో కొన్నిచోట్ల మాత్రము, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులు ఏ చెఱువు అలుగు ఏ చెఱువులో పడునో, ఏ గట్టున ఏ రాయి నీటిమట్టపు గుర్తో ఇప్పటికిని చెప్పగలరు. సరిహద్దు సీమలో వారు దానిని రెండు మూడు భాషలలో చెప్పగలరు. మూడవ దోషమునకు మందేదైన ఉన్నచో ఆ నాలుకలలో నున్నదని నా నమ్మకము. ఎగువ కన్నడిగునితోను, దిగువ తమిళునితోను వారి వారి మాటలలో అలుగు సంగతి మాటాడగలవాడు ఒడంబడికలు వ్రాయు అధికారికంటె ముందు పిలువదగినవాడు.

మన సంఘముల తీర్మానములను నేను చాలకాలముగా చదువుచున్నాను. తెలుగుబడి కావలెనందుము, పాఠ్యపుస్తకము కావలెనందుము, ఉపాధ్యాయుడు కావలెనందుము. ఆ కోరికలు విడువదగినవి గావు. కాని ఏ తీర్మానములోను చెఱువు మాట నాకు కనబడలేదు. శతకపద్యము తప్పులేక చదువు బిడ్డకు తన ఊరి చెఱువు పేరు తెలియనపుడు మనము నిలుపుకొనుచున్న దేభాష? కావున సంఘమువారికి నా మనవి. రాబోవు సంచికకు ఒక్కొక్క శాఖవారు ఒక్కొక్క గొలుసుకట్టును ఎన్నుకొని చెఱువుల పేళ్ళు, తూముల పేళ్ళు, అలుగు పాఱు దిక్కు, కట్టమీది చెట్లు, ఆయకట్టు నేలల పేళ్ళు వ్రాయించి పంపవలెను. మాట ఏ భాషలో నున్నదో ఆ భాషలోనే వ్రాయుడు. తెలుగు చేయ పనిలేదు. వేసవిలో, చెఱువు కడుపు బయటపడినపుడు, పెద్దలను వెంటబెట్టుకొని కట్టమీద నడచి వ్రాసికొన్నచో రాళ్ళ గుర్తులును దొరకును.